మన నీళ్లు, మన మిషన్లు, ఇంటి సబ్బు

కుంకుడుకాయల గురించి ఈమధ్య నాలుగు ముక్కలు రాసినప్పటి నుంచి ఉత్తరాలన్నీ బట్టల సబ్బు మీదే వస్తున్నాయి. కొందరికి పౌడరు ఖర్చు భారంగా ఉంది, కొందరికి చేతులు పగులుతున్నాయి, కొందరు ఇంట్లో కొబ్బరి నూనె మిగిలిపోయి ఏం చెయ్యాలో తెలియక అడిగారు. ఈసారి చోటంతా ఈ విషయానికే ఇచ్చేశాను.

రాజోలు దగ్గర పల్లె నుంచి ఒక సోదరి

"అక్కా, ఆర్నెల్ల క్రితం ఫ్రంట్ లోడ్ మిషన్ కొన్నాం. దానికి వేసే పౌడరు ఖరీదు ఎక్కువని ఇంట్లోనే పొడి చేసుకున్నాను. బట్టల సబ్బు తురిమి వాషింగ్ సోడా, వంట సోడా కలపడమే. మొదట్లో బాగానే ఉంది. ఇప్పుడు తువ్వాళ్లు అట్టల్లా బిరుసెక్కాయి, మావారి తెల్ల చొక్కాలు బూడిద రంగుకు తిరిగాయి, మిషన్ తలుపు తీస్తే ఒకటే వాసన. మాది బోరు నీళ్లు. తప్పు సబ్బుదా, మిషన్‌దా?"

ముందు మీ నీళ్ల సంగతి చూడాలమ్మా. మీ ఇంట్లో ఆ బోరు నీళ్లతో కందిపప్పు ఎసట్లో వేస్తే త్వరగా ఉడుకుతుందా? ఉడకదనే అనుకుంటాను. పప్పు ఉడకనివ్వని సున్నమే సబ్బునూ పని చెయ్యనివ్వదు. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే సబ్బు వాటితో కలిసి కరగని తెట్టె అవుతుంది, బకెట్ అంచున తెల్లగా జిడ్డుగా పట్టుకునేది అదే. మీ తువ్వాళ్లలో పోగు పోగుకీ పట్టి బిరుసు చేసిందీ అదే. మీరు కలిపిన వాషింగ్ సోడా ఆ సున్నాన్ని విరగ్గొడుతుంది, నిజమే, కానీ విరిగిన సున్నం మెత్తటి పొడిలా నీళ్లలోనే ఉండిపోతుంది. బకెట్లో ఉతికితే నాలుగు నీళ్లలో జాడించి పారబోస్తాం. ఫ్రంట్ లోడ్ అలా చెయ్యదు. అది నీళ్లు పొదుపు చెయ్యడానికే పుట్టిన మిషన్, టాప్ లోడ్ తాగే నీళ్లలో సగంతో పని కానిచ్చేస్తుంది, ఆ కాసిని నీళ్లలో తెట్టె, సున్నం పొడి ఎటూ పోలేక మళ్లీ బట్టల మీదే కూర్చుంటాయి. మిగిలింది తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడతలో చేరుతుంది, వర్షాకాలం మన దగ్గర గాలిలో ఉండే తేమకి బూజు పడుతుంది, మీరు చెప్పిన వాసన అదే. నీళ్లు కాచే కాయిల్ లోపలే ఉంటుంది కాబట్టి దానికీ సున్నం పొర కడుతుంది, అది కంటికి కనపడదు, కరెంటు బిల్లులో కనపడుతుంది.

మీ నీళ్లు ఎలాంటివో ఇంట్లోనే తేల్చుకోండి. మూత ఉన్న సీసాలో సగానికి బోరు నీళ్లు పోసి, మామూలు ఒంటి సబ్బు ముక్క గోరంత తురిమి వేసి గట్టిగా కుదపండి. పైన నురగ, కింద నీళ్లు తేటగా ఉంటే మంచి నీళ్లే. నురగ నిలవకుండా నీళ్లు పాలలా తెల్లబడితే ఆ నీళ్లలో ఇంటి సబ్బు పొడి మిషన్‌కి పనికిరాదు. డిటర్జెంట్ పౌడరుతో ఈ పరీక్ష చెయ్యొద్దు, అది ఎలాంటి నీళ్లలోనైనా కాస్తో కూస్తో నురగ ఇస్తుంది కాబట్టి తేడా తెలియదు. ల్యాబులో పరీక్ష చేయిస్తే కాగితం మీద హార్డ్‌నెస్ అని ఒక అంకె ఇస్తారు. తాగే నీళ్లకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 200 మిల్లీగ్రాములు ఉండొచ్చు, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. సబ్బుకైతే ఆ 200 కూడా ఎక్కువే.

ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతాను. ఆ పొడి వెయ్యడం ఈరోజే ఆపెయ్యండి. బట్టలేమీ లేకుండా డ్రమ్ములో 100 గ్రాముల నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి బాగా వేడి ప్రోగ్రాంలో ఒకసారి తిప్పండి. కింద మూల చిన్న మూత వెనక ఫిల్టర్ ఉంటుంది, పళ్లెం పెట్టుకుని విప్పి కడగండి, చాలామంది కొన్న నాటి నుంచి అది విప్పనే విప్పరు. రబ్బరు మడత వేలితో తెరిచి తడి గుడ్డతో తుడిచి, ఉతుకు అయిన ప్రతిసారీ తలుపు కాసేపు తెరిచి ఉంచండి. బిరుసెక్కిన తువ్వాళ్లను బకెట్ నీళ్లకి రెండు చెంచాల నిమ్మఉప్పు వేసి అరగంట నానబెట్టి, జాడించి, ఆ తర్వాత ఫ్రంట్ లోడ్ అని రాసి ఉన్న డిటర్జెంటుతో 60 డిగ్రీల దగ్గర ఉతకండి. ఒక్క ఉతుకుతో అంతా పోదు, రెండు మూడు పడుతుంది. రంగు బట్టలైతే ముందు ఓ మూల తడిపి చూసుకోండి.

ఇంటి సబ్బు చేసుకోవాలన్న మీ ఆశ మానుకోమనడం లేదు. మిషన్‌కి వెయ్యని బట్టలు, మసి గుడ్డలు, పొలం బట్టలు దాంతో ఉతకండి, అదీ చూరు కింద పట్టిన వాన నీళ్లో కాలువ నీళ్లో అయితే ఎంత నురగ వస్తుందో మీరే చూస్తారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారినప్పటి నుంచి ఆ నీటిలో ఉతికిన ఊళ్లు మనవి. ఇప్పుడు ఒకే వీధిలో ఒక ఇంటికి కుళాయిలో కాలువ నీళ్లు, పక్క ఇంటికి బోరు ఉప్పు నీళ్లు, కాబట్టి పక్కింటావిడ పొడి ఆవిడ మిషన్‌లో బాగా పనిచేసిందంటే మీ మిషన్‌లోనూ చేస్తుందని నమ్మకం లేదు.

అంబాజీపేట నుంచి ఒక రైతు ఇల్లాలు

"మా కొబ్బరితో ఆడించిన నూనె నాలుగు కిలోలు కనరు వాసన వచ్చేసిందండీ. పారబొయ్యడానికి మనసొప్పడం లేదు. దీంతో బట్టల సబ్బు కాచుకోవచ్చా? మాది సెమీ ఆటోమేటిక్ మిషన్. కొలతలు కాస్త వివరంగా చెప్పండి."

భేషుగ్గా కాచుకోవచ్చండీ. కనరెక్కిన నూనె ఒంటి సబ్బుకి బాగుండదు గానీ బట్టల సబ్బుకి ఏ లోటూ లేదు, మహా అయితే కొన్నాళ్లకి సబ్బు మీద పసుపు మచ్చలు వస్తాయి. కొబ్బరి నూనె సబ్బుకి ఇంకో గుణం ఉంది, అది మన కోనసీమ వాళ్లకి వరం లాంటిది. మిగతా నూనెల సబ్బులు ఉప్పు నీళ్లలో విరిగిపోతాయి, కొబ్బరి సబ్బు ఉప్పు నీళ్లలోనూ నురగ ఇస్తుంది. సముద్రం మీద ఓడల్లో పనిచేసేవాళ్లు ఉప్పు నీళ్లతో స్నానానికి, ఉతుకుకి వాడింది ఈ రకం సబ్బే. అంతర్వేది వైపు, సఖినేటిపల్లి వైపు బోర్లలో ఉప్పు తగిలే ఇళ్ల వాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి. ఉప్పదనం వేరు, సున్నం వేరు. ఉప్పుకి తట్టుకున్నంతగా సున్నానికి ఇది కూడా తట్టుకోదు.

కొలతలు. 1 కిలో కొబ్బరి నూనెకి 180 గ్రాముల కాస్టిక్ సోడా (వాషింగ్ సోడా, వంట సోడా కాదు), 400 గ్రాముల నీళ్లు. మూడూ తూకం వేసే తీసుకోవాలి, గ్లాసులతో చెంచాలతో కొలవకూడదు. వంటింటి ఎలక్ట్రానిక్ తూకం కావాలి, అది లేకపోతే ఈ పని మొదలుపెట్టొద్దు. ఈ 180 కొబ్బరి నూనెకి మాత్రమే చెప్పిన లెక్క. పామాయిల్ అయితే కిలోకి 140 చాలు, సన్‌ఫ్లవర్ అయితే 133 దగ్గర ఆగాలి. అప్పడాలు, బజ్జీలు వేయించి మిగిలిన నూనెకి కొబ్బరి లెక్కలో సోడా వేస్తే మిగిలిపోయిన సోడా బట్టల్నీ చేతుల్నీ తినేస్తుంది. నూనెలు కలగలిసి దేని పాలు ఎంతో తెలియకపోతే దాంతో సబ్బు కాయొద్దు.

జాగ్రత్తలు చెప్పకుండా ముందుకి పోలేను, ఎందుకంటే కాస్టిక్ సోడా చర్మం మీద పడితే మంట తెలిసేసరికే లోతుగా కాలుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. పెరట్లో గాలి ఆడే చోట, పిల్లలు బడికి వెళ్లిన వేళ చేసుకోండి. రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు, పొడుగు చేతుల జాకెట్టో చొక్కానో ఉండాలి. ఎప్పుడూ నీళ్లలో సోడాని కొంచెం కొంచెంగా వెయ్యాలి, సోడా మీద నీళ్లు పొయ్యకూడదు, పోస్తే ఒక్కసారిగా ఉడికి మొహం మీదకి చిమ్ముతుంది. చల్లటి నీళ్లలో వేసినా సరే పొయ్యి మీద పెట్టినంత వేడెక్కుతుంది, పొగ వస్తుంది, ఆ పొగ పీల్చొద్దు. గిన్నె స్టీలుదే ఉండాలి. సత్తు గిన్నె, అంటే అల్యూమినియంది, కొందరు సిల్వర్ గిన్నె అంటారు, అది అస్సలు పనికిరాదు. నేను మొదటిసారి కాచినప్పుడు ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు, పాత సత్తు దబరాలో సోడా నీళ్లు పోశాను, నిమిషంలో బుసబుసా పొంగి గిన్నె నల్లబడి గట్టు మీదంతా కారింది, ఆ పూట మా అమ్మాయి పక్కనే లేకపోవడం నా అదృష్టం. ఆ పొంగులో వచ్చేది నిప్పు అంటుకునే హైడ్రోజన్ గ్యాస్ అని తర్వాత తెలిసింది. ఒంటి మీద చుక్క పడితే నిమ్మరసం, వెనిగర్ అని వెతుక్కోకుండా కుళాయి కింద కనీసం పావుగంట సేపు కడగండి, కంటికి తగిలితే అలా కడిగిన వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

సోడా నీళ్లు గోరువెచ్చగా చల్లారాక అంతే వెచ్చగా ఉన్న నూనెలో సన్నటి ధారగా పోస్తూ కర్రతో కలపండి. కలుపుతూ ఉంటే గంజిలా మొదలై దోశపిండి చిక్కదనానికి వస్తుంది, కర్ర ఎత్తి పైనుంచి జారవిడిస్తే గీత పడి నిలబడాలి, అప్పుడు పాలపాకెట్ల కవరు పరిచిన ట్రేలో పోసెయ్యండి. కొబ్బరి సబ్బు తొందరగా రాయిలా అవుతుంది. అయిదారు గంటల్లోనే గ్లవ్స్ వేసుకుని ముక్కలు కొయ్యండి, మర్నాటికి వదిలేస్తే కత్తి పెట్టగానే పెళుసుగా విరిగిపోతుంది. నాలుగు వారాలు నీడలో, ముక్కకీ ముక్కకీ సందు ఉంచి ఆరనివ్వాలి. వానాకాలమైతే ఇంకో రెండు వారాలు.

మీ సెమీ ఆటోమేటిక్ దీనికి చక్కగా సరిపోతుంది. మూడు రకాల మిషన్లలోకీ ఇంటి సబ్బుకి నేను నమ్మేది ఇదొక్కటే, ఎందుకంటే ఇందులో నీళ్లు మీ చేతిలో ఉంటాయి. ఎన్ని పొయ్యాలో, ఎంత వేడివి పొయ్యాలో, ఎన్నిసార్లు మార్చాలో మీరే చూసుకుంటారు. ఆరిన సబ్బు కొబ్బరి కోరినట్టు సన్నగా తురిమి, అంతే బరువు వాషింగ్ సోడా కలిపి గాలి చొరని డబ్బాలో పెట్టండి. ఒక ఉతుకుకి రెండు పెద్ద చెంచాలు. నేరుగా టబ్బులో చల్లొద్దు, చెంబుడు వేడి నీళ్లలో పూర్తిగా కరిగించి పొయ్యాలి, కరగని తురుము దుప్పటి మడతల్లో ఇరుక్కుని ఆరేశాక తెల్ల చారలై కనపడుతుంది. ప్లాస్టిక్ టబ్బు కాబట్టి చెయ్యి పట్టగలిగే వేడిని మించొద్దు. ఉతుకయ్యాక మురికి నీళ్లు వదిలేసి, రెండుసార్లు మంచి నీళ్లు మార్చి జాడించి, ఆ తర్వాతే డ్రయ్యర్‌లో వెయ్యండి. సబ్బు నీళ్లతోనే డ్రయ్యర్ తిప్పేసి దండెం మీద ఆరేసే అలవాటు చాలా ఇళ్లలో చూశాను, దాంతో సబ్బంతా బట్టలోనే ఆరిపోతుంది. నీళ్లు వాననీళ్లో కాలువ నీళ్లో అయితే వాషింగ్ సోడా సగానికి తగ్గించండి.

కాకినాడ నుంచి ఒక తల్లి

"మా పాపకి పౌడర్లు పడడం లేదు, ఒళ్లంతా దద్దుర్లు. కుంకుడుకాయలతో ఉతుకుదామనుకుంటున్నాను. మాది టాప్ లోడ్ ఫుల్లీ ఆటోమేటిక్. మిషన్ పాడవుతుందా?"

పాడవదమ్మా, వడకట్టడం సరిగ్గా చేస్తే. కుంకుడులో నురగ ఇచ్చే సాపోనిన్లు సున్నంతో తెట్టె కట్టవు, బోరు నీళ్లలో కూడా సబ్బు కంటే నయం, నురగ తక్కువ కాబట్టి మిషన్ గందరగోళపడదు. గింజ తీసేసిన ఇరవై కాయల పెచ్చులు రాత్రి లీటరు నీళ్లలో నానబెట్టి, పొద్దున పది పదిహేను నిమిషాలు మరగబెట్టి, చల్లారాక బాగా పిసికి, పలచటి పాత నూలు గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. ఒక ఉతుకుకి ఒక గ్లాసు, పెద్ద లోడుకి గ్లాసున్నర. బయట పెడితే రెండో రోజుకే పులుస్తుంది, ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. పెచ్చులనే సంచిలో కట్టి డ్రమ్ములో వేసే పద్ధతి చన్నీళ్లలో పెద్దగా పనిచెయ్యదు, కుంకుడు రసం దిగాలంటే వేడి కావాలి.

ఇది ఎంతవరకో కూడా తెలుసుకోండి. చెమట, పాలకంపు, దుమ్ము పోతాయి. నూనె జిడ్డు, చేపల చెరువు బురద, యూనిఫాం కాలరు మురికి కుంకుడుకి లొంగవు. తెల్ల బట్టలకి నాళ్లు గడిచేకొద్దీ లేత గోధుమ ఛాయ వస్తుంది. పాప లంగోటీలకి, గౌన్లకి వాడి పెద్దవాళ్ల బట్టలకి వేరే ఉతుకు పెట్టుకోండి. దద్దుర్లు తగ్గకపోతే కారణం పౌడరే అనుకుని ఊరుకోక చర్మ వైద్యులకి చూపించండి. అన్నట్టు ఉప్పాడ చీరలు, పట్టు చీరలు ఉన్నవాళ్లు ఇదే రసంతో బేసిన్‌లో చేత్తోనే ఉతుక్కోండి, ఏ మిషన్‌లోనూ వెయ్యొద్దు, వాషింగ్ సోడా తగలనివ్వొద్దు.

టాప్ లోడ్‌కి సబ్బు తురుము వెయ్యొచ్చా అని ఇంకో ఇద్దరు అడిగారు. కాలువ నీళ్లు వచ్చే ఇల్లయితే, తురుమును వేడి నీళ్లలో కరిగించి, ఎక్స్‌ట్రా రిన్స్ పెట్టి, నెలకోసారి డిటర్జెంటుతో ఖాళీ మిషన్ తిప్పే ఓపిక ఉంటే వెయ్యొచ్చు. బోరు నీళ్లయితే వద్దు. వారంటీ ఉన్నంతకాలం అసలు వద్దు, మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఏది వెయ్యాలని రాశారో అదే వెయ్యండి.

పాలకొల్లు నుంచి ఒక డ్వాక్రా సంఘం సభ్యులు

"మేం యాసిడ్ స్లర్రీతో (డిటర్జెంట్ల తయారీకి వాడే ఆమ్లం) బట్టల లిక్విడ్ చేసి అమ్ముతున్నాం. చేత్తో ఉతికేవాళ్లు మెచ్చుకుంటున్నారు గానీ మిషన్ వాళ్లు మాత్రం నురగ బయటికి పొంగుతోందని సీసాలు వెనక్కి ఇస్తున్నారు. ఏం చెయ్యాలి?"

మీది సబ్బు కాదు తల్లీ, డిటర్జెంటే, కాబట్టి సున్నం బాధ తక్కువ. నురగ ఎక్కువ వస్తే బాగా ఉతుకుతోందని మనకో నమ్మకం ఉంది, మీరూ ఆ నమ్మకంతోనే నురగ మందు ధారాళంగా పోస్తున్నట్టున్నారు. ఫ్రంట్ లోడ్‌లో బట్టలు పైకి వెళ్లి దబ్బున కింద పడడం వల్లే మురికి వదులుతుంది, మధ్యలో నురగ పరుపులా అడ్డుపడితే ఆ దెబ్బ తగలదు. పైగా మిషన్ నురగని పసిగట్టి మళ్లీ మళ్లీ జాడించడం మొదలుపెడుతుంది, లేదా ఆగిపోతుంది. మీ సీసా మీద పెద్ద అక్షరాలతో చేతి ఉతుకుకి, సెమీ ఆటోమేటిక్‌కి మాత్రమే అని రాయండి. అలా రాస్తే అమ్మకం తగ్గదు, తిరిగొచ్చే సీసాలు తగ్గుతాయి. ఉప్పు కలిపి చిక్కగా చేసినంత మాత్రాన బలం పెరగదని కొనేవాళ్లకి చెప్పండి. ప్రతి విడతా ఆమ్లమో క్షారమో తెలిపే పీహెచ్ కాగితంతో చూడండి, 7కీ 9కీ మధ్య ఉండాలి. స్లర్రీ సోడాతో సరిగ్గా విరగకపోతే లిక్విడ్ పుల్లగా ఉండిపోయి చేతులూ బట్టలూ రెండూ పాడవుతాయి. కలిపే ఆడవాళ్లకి గ్లవ్స్, కళ్లద్దాలు కొనడానికి సంఘం డబ్బు వాడండి, అది ఖర్చు కింద రాయడానికి ఎవరూ మొహమాటపడొద్దు.

నరసాపురం నుంచి ఒక కాలేజీ అమ్మాయి

"వంట సోడా, వెనిగర్ కలిపి వేస్తే బట్టలు మెరుస్తాయట, నిజమేనా?"

కలిపితే బుస్సుమని పొంగడం తప్ప ఇంకేమీ జరగదమ్మా, ఒకదాన్ని ఒకటి చంపుకుంటాయి, మిగిలేది ఇంచుమించు ఉప్పు నీళ్లే. వెనిగర్ కావాలంటే సబ్బు మొత్తం పోయాక ఆఖరి నీళ్లలో కొంచెం వెయ్యి. సబ్బు ఉండగా వేస్తే సబ్బు విరిగి నూనె జిడ్డుగా బట్టకి పట్టుకుంటుంది. నిమ్మఉప్పు గానీ వెనిగర్ గానీ బ్లీచింగ్ పౌడరుతో కలిసిందంటే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపులేసిన బాత్రూంలో అది ప్రాణాంతకం. మీ ఇంట్లో ఆ రెండు డబ్బాలూ పక్కపక్కనే ఉంటే ఇప్పుడే లేచి వేరే చోట పెట్టు.

ఆచంట నుంచి ఒక పెద్దాయన

"వరదల రోజుల్లో కాలువలో ఎర్ర నీళ్లు. పటిక వేసి తేర్చి మిషన్‌కి పెడితే సబ్బు నురగ రావడం లేదు. ఎందుకు?"

పటిక ఎక్కువైందండీ. పటికలోని అల్యూమినియం కూడా సున్నం లాగే సబ్బుతో కలిసి తెట్టె కడుతుంది. పటిక ముక్కని బిందె నీళ్లలో రెండు మూడు చుట్లు తిప్పి తీసేస్తే చాలు, ముక్క లోపలే వదిలెయ్యొద్దు. రాత్రంతా కదపకుండా ఉంచి పైన తేట మాత్రం వంచుకోండి. ట్యాంకులోకి నేరుగా ఎర్ర నీళ్లు ఎక్కిస్తే మిషన్ పైపు మొదట్లో ఉండే చిన్న జల్లెడ ఒండ్రుతో మూసుకుపోతుంది, నీళ్లు రావడం లేదని మెకానిక్‌ని పిలిచే ముందు కుళాయి కట్టేసి ఆ పైపు విప్పి జల్లెడ కడిగి చూడండి. తెల్ల పంచెలు మాత్రం ఆ నెలన్నర వాన నీళ్లు పట్టుకుని విడిగా ఉతికించుకోండి.